హైస్కూలు బాస్కెట్‌బాల్ గార్డు కాలేజీకి పనికొస్తాడా? బ్లీచర్ల మీద కూర్చుని తేల్చుకోవడం ఎలా

టెక్సస్‌లో డిసెంబరు వచ్చిందంటే మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు హైస్కూలు బాస్కెట్‌బాల్ జిమ్ములవే. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు ఏ జిమ్‌కి వెళ్ళినా బ్లీచర్ల మీద, అంటే మెట్లలా ఉండే బెంచీల మీద, మనవాళ్ళు నలుగురైనా కనిపిస్తారు. హాఫ్‌టైమ్‌లో నాచోస్ కోసం లైన్లో నిలబడితే ఎవరో ఒకరు అడుగుతారు: "మావాడు గేమ్‌కి ఇరవై రెండు పాయింట్లు కొడుతున్నాడండీ, డివిజన్ వన్ వస్తుందంటారా?" "ఎవరి మీద కొడుతున్నాడు?" అని నేను తిరిగి అడుగుతాను. కొందరికి కోపం వస్తుంది కూడా.

నేను జీతం తీసుకుని ఆటగాళ్ళను వెతికే స్కౌట్‌ని కాను. నోట్‌బుక్ పట్టుకుని కూర్చునే అలవాటున్న మనిషిని, అంతే. మీరు ఆ కుర్రాడి తండ్రి కావచ్చు, మేనమామ కావచ్చు, ఏదో చిన్న కాలేజీలో కోచింగ్ స్టాఫ్‌కి సాయం చేస్తున్న విద్యార్థి కావచ్చు. ఒక గార్డును, అంటే బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపే ఆటగాణ్ణి, చూసి నిజాయితీగా ఒక పేజీ రాయగలగాలంటే ఏం చేయాలో చెబుతాను. హైస్కూల్లో గార్డు తనకు నచ్చిన ఆట ఆడతాడు. కాలేజీలో మొదటి వారంలోనే అవతలివాళ్ళు ఆ నచ్చినదాన్ని లాగేసుకుంటారు. అందుకని వాడు ఎన్ని కొట్టాడో కాదు, నచ్చింది దొరకనప్పుడు ఏం చేశాడో చూడాలి. కింద చెప్పబోయేదంతా అది పట్టుకునే పద్ధతి.

ముందు "ఏ కాలేజీ?" అని అడగండి

"కాలేజీలో ఆడగలడా" అన్నది సగం ప్రశ్నే. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లోనే 360 పైచిలుకు కాలేజీలున్నాయి. వాటిలో పేరుమోసిన డ్యూక్ ఒకటి, చలికాలంలో బస్సెక్కి ఎనిమిది గంటలు ప్రయాణించి ఆడే చిన్న కాలేజీ ఒకటి. కింద డివిజన్ టూ, త్రీ, ఎన్ఏఐఏ అనే చిన్న కాలేజీల సంఘం, రెండేళ్ళ జూనియర్ కాలేజీలు. డివిజన్ త్రీలోనూ, ఐవీ లీగ్‌లోనూ ఆట కోసం ఇచ్చే స్కాలర్‌షిప్పులు లేవు. డబ్బు రావాలంటే కుటుంబ ఆదాయాన్ని బట్టో, డివిజన్ త్రీలోనైతే మార్కులను బట్టి కూడానో రావాలి. చదువులో గట్టిగా ఉన్న మన పిల్లలకు డివిజన్ త్రీ చాలా మంచి దారి. దాన్ని "మిగిలిపోయినవాళ్ళ చోటు" అన్నట్టు మాట్లాడే తల్లిదండ్రులను చూస్తే నాకు విసుగు.

ఇంకోటి. 2021 నుంచి ఆటగాళ్ళు ఒకసారి కాలేజీ మారినా ఏడాది కూర్చోనక్కర్లేదు, 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఫర్వాలేదు. ఈ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునేవాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా) వల్ల కోచ్ ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి. పదిహేడేళ్ళ పిల్లాణ్ణి తెచ్చి మూడేళ్ళు పెంచడం, లేదా మూడేళ్ళు కాలేజీలో ఆడి వచ్చిన ఇరవై రెండేళ్ళవాణ్ణి తెచ్చుకోవడం. ఉద్యోగం నిలబెట్టుకోవాల్సిన కోచ్ ఎటు మొగ్గుతాడో వేరే చెప్పక్కర్లేదు. మగవాళ్ళ జట్టుకు చాలాకాలం 13 స్కాలర్‌షిప్పులు ఉండేవి. కాలేజీలే ఆటగాళ్ళకు డబ్బివ్వడానికి వీలిచ్చిన 2025 కోర్టు ఒప్పందం తర్వాత, దాంట్లో చేరిన కాలేజీలకు 15 మంది రోస్టర్ (జట్టు జాబితా) పరిమితి వచ్చింది. కుర్చీలు రెండు పెరిగాయి కానీ, వాటి చుట్టూ తిరిగేవాళ్ళు అంతకన్నా పెరిగారు. కాబట్టి మీరు చూస్తున్న గార్డును పక్క స్కూలు గార్డుతో పోల్చకండి. ఆ ఇరవై రెండేళ్ళవాడి భుజాలు ఊహించుకుని, వాడి ముందు వీణ్ణి నిలబెట్టి చూడండి.

వార్మప్‌కే వెళ్ళి కూర్చోండి

ఆట మొదలయ్యేందుకు నలభై నిమిషాల ముందు వెళ్ళండి. రోస్టర్ కాగితం మీద ఆరడుగుల రెండంగుళాలు అని ఉంటే ఒకటో రెండో తీసేసి చదువుకోవడం అందరికీ అలవాటే. రిఫరీ పక్కన, అవతలి జట్టు గార్డు పక్కన నిలబడినప్పుడు చూసుకోండి. ఎత్తుకన్నా చేతుల పొడవు ఎక్కువ చెబుతుంది. జాతీయగీతానికి వరసగా నిలబడినప్పుడు చేతులు కిందికి వేలాడుతుంటాయి కదా, వేళ్ళు తొడ మీద ఎక్కడిదాకా వచ్చాయో పక్కవాడితో పోల్చండి. పాదాలు, మెడ, భుజాల వెడల్పు కూడా గమనించండి, ఇంకా పెరిగే ఒళ్ళా, పెరుగుదల అయిపోయిన ఒళ్ళా తెలుస్తుంది. వయసు కూడా అడిగి తెలుసుకోండి. కావాలని ఒక తరగతి రెండోసారి చదివిన పంతొమ్మిదేళ్ళ సీనియర్ (హైస్కూలు చివరి ఏడాదివాడు), పదిహేడు నిండని సీనియర్ ఒకే కోర్టు మీద ఉంటే వాళ్ళ పాయింట్లు ఒక తక్కెడలో తూచకూడదు. ఎన్‌బీఏ ఆటగాడు ఆంథొనీ డేవిస్ చికాగోలో హైస్కూలు మొదట్లో గార్డే. తర్వాత ఆరడుగుల పది అంగుళాలదాకా పెరిగాడు. అలాంటిది రోజూ జరగదు, కానీ "ఇంకా పెరుగుతాడా" అన్న గడి మీ కాగితంలో ఉండాలి.

వార్మప్‌లో లేఅప్ (బాస్కెట్ దగ్గరికి పరుగెత్తి వేసే షాట్) వరస చూడండి. ఎడమవైపు వరసలో నిలబడి కూడా కుడిచేత్తో వేసేవాళ్ళు ఉంటారు. ఎవరూ అడ్డం లేనప్పుడే ఎడమచేతిని నమ్మనివాడు, అడ్డం ఉన్నప్పుడు నమ్ముతాడా?

కూర్చునే చోటు: మధ్యలో పైన కాదు. బేస్‌లైన్ (బాస్కెట్ వెనకాల గీత) మూలన, వీలైతే వాళ్ళ బెంచీ వినిపించే దూరంలో. మధ్య నుంచి బంతి బాగా కనిపిస్తుంది. మీకు కావలసింది బంతి కాదు. మొదటి క్వార్టర్ మొత్తం, బంతి ఎక్కడున్నా సరే, మీ కళ్ళు ఆ ఒక్క కుర్రాడి మీదే పెట్టండి. మొదట్లో ఇది నరకంలా ఉంటుంది. అందరూ లేచి అరుస్తుంటే మీరు మాత్రం ఊరికే నిలబడ్డ పిల్లాణ్ణి చూస్తూ ఉంటారు. రెండు మ్యాచ్‌లకు అలవాటైపోతుంది.

నచ్చింది దొరకనప్పుడు

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. ప్రతి హైస్కూలు గార్డుకూ ఒక ముద్దుల ఎత్తు ఉంటుంది. ఎక్కువమందికి అది కుడివైపు దూసుకెళ్ళి లేఅప్. మొదటి ఐదు నిమిషాల్లో అదేమిటో రాసుకోండి. తర్వాత దాన్ని ఎవరైనా మూసేశారా అని ఎదురుచూడండి. అవతలి కోచ్‌కి బుర్ర ఉంటే రెండో క్వార్టర్‌కే మూసేస్తాడు.

మొదటి పరీక్ష, మీద పడే డిఫెండర్. కోర్టంతా ఒకడు ఛాతీకి ఛాతీ ఆనించి వెంటపడుతుంటే బంతిని మిడ్‌కోర్టు దాటించగలడా? దాటించేటప్పుడు తల పైకి ఉందా, బంతి వైపు ఉందా? వీపు తిప్పి, గేదె నీళ్ళలో దిగినట్టు మెల్లగా వెనక్కి వెనక్కి వస్తే, మిడ్‌కోర్టు దాటడానికున్న పది సెకన్లలో ఆరేడు అక్కడే ఖర్చయిపోతాయి. కాలేజీ మగవాళ్ళ ఆటలో షాట్ క్లాక్, అంటే బంతి దొరికాక షాట్ వేయడానికున్న గడువు, 30 సెకన్లు. హైస్కూళ్ళలో 35 సెకన్ల క్లాక్ పెట్టుకునే వీలు 2022-23 సీజన్ నుంచి రాష్ట్రాలకే వదిలేశారు, చాలాచోట్ల ఇంకా లేనే లేదు. క్లాక్ లేని ఆటలో తీరుబడిగా నలభై సెకన్లు డ్రిబుల్ చేసి చివరికి లేఅప్ వేసే గార్డు గొప్పవాడిలాగే కనిపిస్తాడు. మీరు మనసులో లెక్కపెట్టుకోండి. మిడ్‌కోర్టు దాటాక పది అంకెల్లోపు జట్టు ఏదైనా మొదలుపెట్టిందా? వాడు మొదలుపెట్టించాడా?

రెండోది పిక్ అండ్ రోల్. కాలేజీలో గార్డు బతుకంతా దీని చుట్టూనే తిరుగుతుంది. తనకోసం పొడుగాటి సహచరుడు వచ్చి స్క్రీన్ పెట్టినప్పుడు, అంటే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడినప్పుడు, డిఫెన్స్ చేసే పనులు నాలుగైదే. పొడుగువాడు వెనక్కి జారి రిమ్‌కి కాపలా కాస్తాడు, లేదా ఎదురొచ్చి ఒక్క క్షణం అడ్డుకుంటాడు, లేదా ఇద్దరూ మనుషుల్ని మార్చుకుంటారు, లేదా ఇద్దరూ కలిసి బంతి ఉన్నవాణ్ణి చుట్టుముట్టి ట్రాప్ చేస్తారు. స్క్రీన్ కిందుగా దూరి వచ్చేవాడు ఒకడు. ఒక్కోదానికి ఒక్కో జవాబు. వెనక్కి జారితే ఆగి మధ్యదూరం నుంచి వేయాలి, లేదా ఫ్లోటర్ (పొడుగువాడి చేతుల మీదుగా మెత్తగా ఎగరేసే షాట్). కిందుగా దూరితే త్రీ (దూరపు గీత వెనక నుంచి వేసే మూడు పాయింట్ల షాట్). ట్రాప్ చేస్తే ఒక డ్రిబుల్ వెనక్కి వేసి, మూడోవాడికి పాస్ వెంటనే. ఏ ఎండకు ఆ గొడుగు పట్టడమే ఇది. నోట్‌బుక్‌లో రెండు నిలువు వరసలు గీసి, ఎడమవైపు డిఫెన్స్ ఏం చేసిందో, కుడివైపు వాడు ఏం చేశాడో రాయండి. పదిసార్లు రాస్తే చాలు, బొమ్మ కనిపిస్తుంది. డిఫెన్స్ మారినా కుడివైపు వరస మారకపోతే, వాడు చూసి ఆడటం లేదు, బట్టీపట్టింది అప్పజెబుతున్నాడు.

పాస్ విషయంలో ఒక మెలిక. అసిస్ట్ (పాయింట్లు తెచ్చిన పాస్) రావాలంటే అందుకున్నవాడు వేయాలి కదా. బలహీనమైన జట్టులో మంచి పాసర్‌కి అసిస్టులు పడవు. అందుకే నేను "పడాల్సిన పాస్" అని వేరే గీత పెట్టుకుంటాను. షూటర్ చేతికి సరైన ఎత్తులో, సరైన క్షణాన చేరితే గీత, షాట్ పోయినా సరే. వెనకాలే ఇంకో గీత: మూలన ఖాళీగా ఉన్న మనిషిని చూడనేలేదు.

మూడోది చాలామంది వదిలేసేది. బంతి లేనప్పుడు వాడేం చేస్తాడు? హైస్కూల్లో బంతి ఎప్పుడూ వాడి చేతిలోనే. కాలేజీకి వెళ్ళిన మొదటి ఏడాది ఎవరో సీనియర్ చేతిలో ఉంటుంది. పాస్ ఇచ్చేసి నడుం మీద చేతులు పెట్టుకు నిలబడేవాడికి ఆ ఏడాది బెంచీ మీదే గడుస్తుంది. పాస్ ఇచ్చి, బాస్కెట్ వైపు దూసుకుపోయి, ఇంకొకడికి స్క్రీన్ పెట్టి, మూలకు వెళ్ళి నిలబడేవాడు ఎనిమిది పాయింట్లు కొట్టినా నేను పేరు కింద గీత గీస్తాను.

తప్పు చేశాక వచ్చే ఐదు సెకన్లు కూడా ఇందులో భాగమే. బంతి పోగొట్టుకుని రిఫరీ వైపు చేతులు చాపుతాడా, వెనక్కి పరుగెత్తుతాడా? కోచ్ మార్చేసి కూర్చోబెట్టినప్పుడు బెంచీ చివరికి పోయి టవల్ కప్పుకుంటాడా, కోచ్ పక్కన కూర్చుని చూస్తాడా? మనసు చదివేస్తున్నానని అనుకోకండి, ఒక్కసారి చూసి ముద్ర వేయకండి. మూడు మ్యాచ్‌లలో మూడుసార్లూ అదే అయితే రాయండి.

షాట్: గీత వెనక్కి జరుగుతుంది

హైస్కూలు త్రీ గీత 19 అడుగుల 9 అంగుళాలు. కాలేజీది, మగవాళ్ళకు 2019-20 నుంచి, ఆడవాళ్ళకు 2021-22 నుంచి, 22 అడుగుల 1¾ అంగుళాలు. అంటే దాదాపు రెండడుగుల ఐదంగుళాల తేడా. కోర్టు కూడా మామూలుగా 84 అడుగుల నుంచి 94 అవుతుంది. ఇంట్లోనే టేపు పెట్టి ఆ తేడా నేలమీద కొలిచి చూడండి. హైస్కూలు గీత మీద కాలు ఆనించి 40 శాతం వేసేవాడు అక్కడి నుంచి అలాగే వేస్తాడన్న హామీ లేదు. కాబట్టి గీతకు ఎంత వెనక నుంచి వేస్తున్నాడో గుర్తు పెట్టుకోండి. దూరం పెరిగినప్పుడు బంతిని తుంటి దగ్గర నుంచి విసురుతున్నాడా, లేక అదే కదలిక అలాగే ఉందా?

ఒక సీజన్‌లో వేసే త్రీలు తక్కువ, వాటి శాతం గాలికి ఊగుతుంది. ఫ్రీ త్రో (ఫౌల్‌కి దొరికే షాట్) శాతం అంతకన్నా నమ్మదగ్గది. 15 అడుగులు, ఎవరూ అడ్డం లేరు, ప్రతిసారీ అదే దూరం. త్రీ 38 శాతం, ఫ్రీ త్రో 62 శాతం ఉంటే నేను ఫ్రీ త్రోనే నమ్ముతాను. త్రీ 31, ఫ్రీ త్రో 87 ఉన్నవాడి కోసం ఇంకోసారి పెట్రోలు పోసుకుని వెళతాను.

డిఫెన్స్

హైస్కూలు జట్లు జోన్ (మనిషిని కాకుండా కోర్టులో ఒక చోటును కాచే డిఫెన్స్) ఎక్కువ ఆడతాయి, జోన్‌లో గార్డు దాక్కోవచ్చు. మనిషికి మనిషి ఆడే మ్యాచ్ వెతుక్కుని వెళ్ళండి. స్క్రీన్ తగిలితే ఆగిపోతాడా, భుజం దూర్చి దాటతాడా అన్నది ముందు. షూటర్ మీదికి పరుగెత్తి, చిన్న అడుగులతో ఆగి, చేయెత్తగలడా అన్నది తర్వాత. నోరు పనిచేస్తోందా అన్నది మీరు బేస్‌లైన్ దగ్గర కూర్చున్నందుకు వినిపిస్తుంది. గార్డు రీబౌండ్లు (పడని షాట్లకు అందుకున్న బంతులు), స్టీళ్ళు (లాక్కున్న బంతులు) ఒళ్ళు ఎంత చురుకో చెబుతాయి. కానీ ప్రతి పాస్‌కీ ఎగబడి నాలుగు స్టీళ్ళు తెచ్చి ఎనిమిది లేఅప్‌లు ఇచ్చేవాణ్ణి స్టీళ్ళ రాజు అనకండి.

అంకెలు ఇప్పుడు చూడండి, ముందు కాదు

కళ్ళతో చూసి రాసుకున్నాకే స్కోర్‌షీట్ తెరవండి. లేకపోతే అంకె ముందు బుర్రలో కూర్చుంటుంది, కళ్ళు దానికి సాక్ష్యం వెతుకుతాయి.

ఒక చిన్న లెక్క నేర్చుకోండి. వేసిన షాట్లకు, ఫ్రీ త్రోల సంఖ్యలో 0.44 వంతు కలపండి. దాన్ని రెండుతో గుణించి, పాయింట్లను దానితో భాగించండి. ఉదాహరణకి ఒకడు 28 షాట్లు, 6 ఫ్రీ త్రోలు వేసి 30 పాయింట్లు కొట్టాడు. లెక్క 0.49 వస్తుంది. ఇంకొకడు 9 షాట్లు, 5 ఫ్రీ త్రోలతో 17. వాడిది 0.76. మర్నాడు మొదటివాడి పేరే అందరి నోటా ఉంటుంది, కోచ్ ఫోను మాత్రం రెండోవాడికి రావచ్చు. అసిస్టులు టర్నోవర్లకు (పోగొట్టుకున్న బంతులకు) రెండింతలుంటే గార్డుకు గౌరవప్రదం. కానీ పైన చెప్పిన "పడాల్సిన పాస్" గీతలతో కలిపి చదవండి.

అన్నిటికన్నా ముఖ్యం ఎవరి మీద అన్నది. చెట్టు లేని ఊళ్ళో ఆముదం చెట్టే మహావృక్షం. సీజన్ షెడ్యూల్ తీసి, గట్టి జట్ల మీద ఆడిన నాలుగైదు మ్యాచ్‌లు మాత్రం వేరుచేసి వాటి లెక్క విడిగా వేయండి. ఆ కాగితం చూపిస్తే తల్లిదండ్రుల ముఖం మారడం నేను చాలాసార్లు చూశాను. కాకి పిల్ల కాకికి ముద్దు, అందులో తప్పేమీ లేదు. మీరు సొంత కొడుకునే చూస్తున్నట్టయితే మాత్రం నోట్‌బుక్ ఇంకొకరి చేతికివ్వండి.

ఒక్కసారి చూసి తేల్చకండి

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది కానీ, గార్డు సంగతి అలా తెలియదు. కనీసం మూడుసార్లు చూడాలి: సొంత జిమ్‌లో ఒకసారి, బయటి ఊళ్ళో గట్టి జట్టు మీద ఒకసారి, వేసవిలో క్లబ్ జట్టుతో ఒకసారి. వేసవి క్లబ్ ఆటలో మిగతా నలుగురూ వాడంతటివాళ్ళే. నైకీ లీగ్ జట్లు జులైలో పీచ్ జామ్ టోర్నీ కోసం సౌత్ కరోలినాలోని నార్త్ అగస్టాకు వెళతాయి. కాలేజీ కోచ్‌లు వరసగా కుర్చీలేసుకుని కూర్చునే చోటు అది. స్కూల్లో రాజైనవాడు అక్కడ నాలుగో మనిషిగా ఏం చేస్తాడన్నది, నిజంగా, కాలేజీ మొదటి ఏడాదికి ముందే వేసే రిహార్సల్.

అలాగని పెద్ద జిమ్ముల్లోనే వెతకకండి. 2016లో మరీ స్టేట్ అసిస్టెంట్ కోచ్ జేమ్స్ కేన్ ఒక క్యాంపులో వేరే కుర్రాడి కోసం వెళ్ళాడు. ఆకలేసి తినడానికి ఏదైనా దొరుకుతుందేమోనని లేచాడు. వెనక చిన్న జిమ్‌లో బంతి చప్పుడు వినిపించి తొంగిచూశాడు. అక్కడ ముగ్గురు ముగ్గురుగా ఆడుతున్న పిల్లల్లో జా మోరాంట్ ఉన్నాడు. మూడేళ్ళకు, 2019లో, ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండోవాడుగా వెళ్ళాడు. డేమియన్ లిల్లార్డ్ ఓక్లాండ్ నుంచి యూటాలోని వీబర్ స్టేట్‌కి వెళ్ళి 2012లో ఆరోవాడయ్యాడు. స్టెఫెన్ కరీ తండ్రి చదివిన వర్జీనియా టెక్, కొడుక్కి స్కాలర్‌షిప్ ఇవ్వకుండా వాక్-ఆన్‌గా రమ్మంది. సన్నగా ఉన్నాడన్నది అందరూ చూశారు. డేవిడ్సన్ తీసుకుంది, 2008లో జాతీయ టోర్నీలో చివరి ఎనిమిది జట్లదాకా వెళ్ళి కాన్సస్ చేతిలో 59-57తో ఓడింది. ఒంటిని మార్చొచ్చు. షాట్, చూపు ఉన్నవాణ్ణి ఒళ్ళు చూసి కొట్టేయకండి. కానీ ఒక హెచ్చరిక: సన్నగా ఉన్న ప్రతి పిల్లాడూ కరీ కాదు. ఈ పేరు చెప్పి తమ పిల్లల మీద ఆశలు పెంచుకున్నవాళ్ళు నాకు పదిమంది తెలుసు.

మాట్లాడాల్సినవి, మాట్లాడకూడనివి

కోచ్‌ని "వాడెలా ఉంటాడు?" అని అడిగితే "మంచి పిల్లాడు" అంటాడు. దానివల్ల ఉపయోగం లేదు. "ఓడిపోయిన మర్నాడు ప్రాక్టీసుకి ఎన్నింటికి వస్తాడు?" అని అడగండి. ఆ తర్వాత మార్కులు. డివిజన్ వన్‌లో మొదటి ఏడాదే ఆడాలంటే 16 కోర్ కోర్సులు (ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు లాంటివి), వాటిలో 2.3 జీపీఏ (మార్కుల సగటు) కావాలి. అందులో పది కోర్సులు సీనియర్ ఏడాది మొదలయ్యేలోపే అయిపోవాలి. 2023 నుంచి శాట్, ఏసీటీ స్కోర్లు కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ అడగడం లేదు. మన ఇళ్ళలో జీపీఏ సమస్య తక్కువే గానీ, ఏ కోర్సు కోర్‌గా లెక్కకొస్తుందో చూసుకోకుండా ఎలెక్టివ్స్ తీసుకునేవాళ్ళు ఉంటారు. తొమ్మిదో తరగతిలోనే స్కూల్ కౌన్సెలర్‌ని అడగాలి.

మీరు ఏదైనా కాలేజీకి విరాళం ఇచ్చే పూర్వ విద్యార్థి అయితే, ఆ కాలేజీ తరఫున పిల్లాడితో గానీ ఇంటివాళ్ళతో గానీ మాట్లాడకండి. నిబంధన ఉంది, చివరికి దెబ్బ పిల్లాడికే తగులుతుంది. మీరు రాసింది ఎవరైనా మైనర్ గురించి. వీడియో, పేరు, స్కూలు కలిపి అందరూ చూసేచోట పెట్టకండి.

చివరికి కాగితం మీద

ఒక పేజీ దాటకూడదు. "అద్భుతం", "కష్టపడతాడు" లాంటి మాటలు కొట్టేయండి. చూసినది రాయండి. ఒక ఊహాగార్డు మీద నేనైతే ఇలా రాస్తాను:

"జూనియర్ (చివరి ఏడాదికి ముందు ఏడాది). నంబర్ 3. రోస్టర్‌లో 6-1, నా కంటికి 6-0, చేతులు పొడుగు. మూడుసార్లు చూశాను, రెండు గట్టి జట్ల మీద. ముద్దుల ఎత్తు: కుడివైపు డ్రైవ్. మూసేస్తే ఆగి మధ్యదూరం నుంచి వేస్తాడు, ఆ జవాబు ఉంది. ట్రాప్ చేస్తే బంతిని తలపైకెత్తి ఆగిపోతున్నాడు, పదిలో ఏడుసార్లు. బంతి ఇచ్చాక కదులుతాడు. ఫ్రీ త్రో 84 శాతం, త్రీ గీతకు అడుగు వెనక నుంచి సుఖంగా వేస్తున్నాడు. డిఫెన్స్‌లో స్క్రీన్‌కి చిక్కుకుంటాడు, కానీ ఆపకుండా మాట్లాడతాడు. ఇవాళ్టికి: డివిజన్ టూ, లేదా చదువు గట్టి డివిజన్ త్రీ. ట్రాప్ నేర్చుకుని పది పౌన్లు పెరిగితే చిన్న డివిజన్ వన్. మళ్ళీ చూడాలి: జనవరి చివర్లో, బయటి జిమ్‌లో, కోర్టంతా ప్రెస్ చేసే జట్టు మీద."